అయస్కాంతం జేబు

ముప్పై ఏళ్ళ టైలరింగులో మా నాన్న నేలమీద బోర్లా పడుకోబెట్టి కొలతలు తీసుకున్న మొదటి మనిషిని నేనే.

"చేతులు ముందుకి చాపు. ఇంకా చాపు. గుహలో ఎలా పాకుతావో అలా పాకి చూపించు," అన్నాడు. టేపు మెడలో వేసుకుని, మోకాళ్ళమీద నా పక్కనే కూర్చున్నాడు. షాపు నేలంతా దారపు ముక్కలు. అవి ముక్కులోకి పోతుంటే తుమ్ముకుంటూ, కుట్టుమిషను దగ్గర్నుంచి కటింగు బల్ల కిందిదాకా పాకాను.

"ఆగు, అక్కడే ఆగు! చూశావా, వీపు మీద నాలుగంగుళాలు పెరిగింది. నిలబడ్డ మనిషికీ పాకే మనిషికీ నాలుగంగుళాల తేడా! ఇన్నేళ్ళుగా నాకే తెలీదు," అన్నాడు అమ్మ వైపు తిరిగి, ఆ తేడా తనే కనిపెట్టినంత గొప్పగా.

అమ్మ చొక్కాకి కాజాలు కుడుతోంది. తల ఎత్తలేదు. "ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి. దారినపోయేవాళ్ళు చూస్తే తండ్రీకూతుళ్ళకి ఒకేసారి పిచ్చెక్కిందనుకుంటారు," అంది. మాట వెటకారమే గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు కింద నుంచి బాగా కనిపించింది.

కళ్ళు తడవడానికి కారణం ఉంది. ఎనిమిది నెలలుగా నాన్న కత్తెర పట్టలేదు. అంతకుముందు ఒక పెళ్ళికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు. ఆ గుడ్డ మళ్ళీ దొరికేది కాదు. పెళ్ళికొడుకు ఆ కోటు అలాగే తొడుక్కుని, షాపులో నలుగురి ముందూ నిలబడి, "మాస్టారూ, మీకు రెండూ ఎడమ చేతులేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. ఆ సాయంత్రం కత్తెరని పాత గుడ్డలో చుట్టి బీరువా మీద పడేశాడు. అప్పట్నుంచి ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, అంతే. కొత్త బట్ట ఎవరు తెచ్చినా, "ఇక్కడ ఆల్టరేషన్లే బాబూ" అనేవాడు. అమ్మ బతిమాలింది, అలిగింది, ఒకసారి తనే కత్తెర దించి బల్లమీద పెట్టింది. సాయంత్రానికి అది మళ్ళీ బీరువా ఎక్కేసింది.

అలాంటి మనిషి చేత కత్తెర దింపించింది నా మోకాళ్ళ చిరుగు.

నేను ఆ ఏడు కాలేజీలో గుహల క్లబ్బులో చేరాను. ఎందుకు చేరావంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు. నోటీసు బోర్డు మీద, 'భయపడేవాళ్ళు రావచ్చు, లావుగా ఉన్నవాళ్ళు రావచ్చు, ఆలస్యంగా వచ్చేవాళ్ళు మాత్రం రాకూడదు' అని ఉంది. ఆ మాట నచ్చింది. క్లబ్బు గదంటే మెట్ల కింద ఒక సందు. మేకులకి హెల్మెట్లు, నేలంతా తాళ్ళ చుట్టలు, ఏ కాలంలో వెళ్ళినా తడిమట్టి వాసన. క్లబ్బుని నడిపేది లెక్కల విభాగంలో చివరి ఏడాది చదివే అమ్మాయి. నాకంటే మూడేళ్ళే పెద్ద, కానీ అందరూ ఆమెని పెద్దక్క అనేవారు. ఆమెకి కుడిభుజం గబ్బిలం. ఆరడుగుల సన్నటి కుర్రాడు, నా క్లాసువాడే. ఎక్కడ ఆగితే అక్కడే, బండకి ఆనుకుని నిద్రపోగలడు కాబట్టి ఆ పేరు.

మొదటి ఆదివారం నాకు క్లబ్బువాళ్ళు ఒక పాత ఓవరాల్ ఇచ్చారు. మెడ దగ్గర్నుంచి చీలమండల దాకా ఒకటే డ్రస్సు. నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారందులో. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళు, మోచేతులు, కూర్చునే చోటు అన్నీ చిరిగిపోయాయి. తిట్లు తినడానికి సిద్ధపడే షాపులో అడుగుపెట్టాను. నాన్న నా మొహం చూడలేదు. ఆ మోకాలి చిరుగునే చూశాడు. లోపలికి వేళ్ళు పెట్టి కుట్టు లాగి చూశాడు.

"ఎవడు కుట్టాడు దీన్ని?"

"తెలీదు నాన్నా. క్లబ్బుది."

"వీడు కుట్టలేదు, అతికించాడు. పాకే మనిషికి ఇక్కడ అతుకు వేస్తారా ఎవరైనా?" అని గొణిగి, మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. ఓ పావుగంట ప్యాంటు అంచు కుట్టాడు. ఆ తర్వాత లేచి, స్టూలు లాక్కుని, బీరువా మీద చెయ్యి పెట్టాడు.

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

ఓవరాల్‌కి నాన్న డేరాగుడ్డ లాంటి మందపాటి బట్ట తెచ్చాడు. మోకాళ్ళకీ మోచేతులకీ రెండు పొరలు. పక్కన అతుకు లేకుండా చంక నుంచి మడమ దాకా ఒకే పట్టీ. కత్తెర వేసే ముందు సుద్దగీతని మూడుసార్లు సరిచూసుకున్నాడు. చేతుల ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, ఒకటి కుడి, ఒకటి ఎడమ అని నా చేత పైకి చెప్పించి గానీ కత్తిరించలేదు. అంతా అయ్యాక మిగిలింది జేబు.

గుహలో నా పని దిక్సూచి కంటి దగ్గర పట్టుకుని ముల్లు చూపే అంకె చదవడం, ఆ అంకెని చిన్న పుస్తకంలో రాసుకోవడం. గబ్బిలం టేపు కొస పట్టుకుని ముందుకి పాకుతాడు. పెద్దక్క గోడల బొమ్మ గీస్తుంది. నా పుస్తకం పెట్టుకోవడానికి ఒక జేబు కావాలి.

"జిప్పు పెట్టమంటావా?"

"మట్టి దూరితే బిగుసుకుపోతుంది నాన్నా."

"బొత్తాం?"

"గ్లవుజులతో పట్టుకోలేను."

నాన్న మూడు రోజులు ఆ జేబు గురించి ఆలోచించాడు. భోజనం చేస్తూ ఆలోచించాడు, గడ్డం గీసుకుంటూ ఆలోచించి చెంప తెగ్గోసుకున్నాడు. నాలుగో రోజు గుండె మీదికి వచ్చేలా ఒక జేబు కుట్టి చూపించాడు. మూత అలా దగ్గరికి తీసుకెళితే చాలు, తనంతట తనే 'టప్' మని మూసుకునేది. పైనా లోపలా గుడ్డే, మధ్యలో ఏముందో కనిపించదు.

"ఎలా నాన్నా?"

"అన్నీ చెప్పేస్తే నాకేం విలువుంటుంది? వృత్తి రహస్యం!"

అదే వారం అమ్మ చేతిసంచీ మూసుకోవడం మానేసింది. దాని నోటికుండే రెండు అయస్కాంతం బిళ్ళలు మాయమయ్యాయి. "ఈ ఇంట్లో దొంగలు పడ్డారు. పడ్డ దొంగ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు," అని అమ్మ రెండ్రోజులు సాధించింది. నాన్న కప్పులోకి చూస్తూ నవ్వుకున్నాడు. ఆ సంచీ చూశాను, అమ్మ సాధింపులూ విన్నాను, దిక్సూచి దగ్గర ఇనుము ఉండకూడదని క్లబ్బులో మొదటి రోజే నేర్చుకున్నాను. ఈ మూడూ నా బుర్రలో మూడు వేర్వేరు గదుల్లో కూర్చున్నాయి, ఒక్కరోజు కూడా పలకరించుకోలేదు. చదువుకున్నదాన్ని మరి.

ఆ కొండకి రెండు నోళ్ళున్నాయి. పైన ఒక గుహ, దిగువన వాగు పక్కన ఇంకొకటి. లోపల ఎక్కడో రెండూ కలుస్తాయని క్లబ్బువాళ్ళ నమ్మకం. ఏడేళ్ళుగా వెతుకుతున్నారు. వానలు లేని నాలుగు నెలల్లోనే దిగువ గుహలో నీళ్ళు తగ్గి మనిషి దూరడానికి వీలవుతుంది. పెద్దక్కకి అదే ఆఖరి ఏడు. పరీక్షలైపోతే ఎక్కడో ఉద్యోగంలో చేరిపోతుంది. "వెళ్ళేలోగా ఈ కొండ పటం పూర్తిచేసి గోడకి తగిలించి వెళతాను," అనేది.

ప్రతి ఆదివారం తెల్లారగానే బస్సెక్కేవాళ్ళం. గుహలో ఒక్కో చోటుకీ క్లబ్బువాళ్ళ పేర్లున్నాయి. గోడల్లో కుండల్లాంటి గుంటలున్న గది వంటిల్లు. దాని వెనక ఊపిరంతా వదిలేస్తే తప్ప దూరలేని సందు పేరు 'పొట్ట లోపలికి'. నా కొత్త ఓవరాల్‌ని మొదటి రోజే అందరూ ముట్టుకుని చూశారు. గబ్బిలం జేబు మూత పదిసార్లు తీసి పదిసార్లు వేశాడు. "మీ నాన్న మాస్టారు కాదు, మాంత్రికుడు!" అన్నాడు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే నాన్న వినపడనట్టు నటించి, "ఏమన్నాడూ?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్ళని లోపలి గదిలో కూర్చోబెట్టి, అందరూ తలదీపాలు ఆర్పేస్తారు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. అలాంటి చీకటి బయట ఎక్కడా ఉండదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. నాకు ఉన్నట్టుండి నేనెక్కడున్నానో, నా చేతులెక్కడున్నాయో తెలియకుండా పోయింది. భయమేసింది. వెతుక్కుంటే నా గుండె మీద జేబు తగిలింది. మూత తీశాను. టప్. మళ్ళీ తీశాను. టప్. నాన్న పక్కన కూర్చుని కొలతలు తీసుకుంటున్నట్టే అనిపించింది. భయం పోయింది.

"ఎవర్రా అది, టపటపలాడిస్తున్నది?" అని చీకట్లోంచి గబ్బిలం విసుక్కున్నాడు. పెద్దక్క నవ్వేసింది. దాంతో ఆ ఐదు నిమిషాలూ అయిపోయాయి.

తొమ్మిదో ఆదివారం దారి దొరికింది. వంటిల్లు వెనక సందులోంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. దాన్ని పట్టుకుని పాకుతూ, ఒక్కో మలుపుకీ టేపు చాపుతూ, దిక్సూచి చదువుతూ ఎనిమిది గంటలు ముందుకెళ్ళాం. చివరికి నడుం లోతు నీళ్ళలోంచి దిగువ నోటి వెలుతురు కనిపించింది. బయటికి వచ్చి ముగ్గురం వాగు ఒడ్డున బురదలో కూలబడ్డాం. పెద్దక్క ఏడుస్తోంది. గబ్బిలం ఆ రోజు నిద్రపోలేదు. ఆ తర్వాతి ఆదివారం కొండ పైనుంచి కొలుచుకుంటూ మొదటి గుర్తు దగ్గరికి తిరిగి చేరాం. ఇక కాగితం మీద గీయడమే మిగిలింది. పై నోటి దగ్గర మొదలైన గీత, కొండ కిందుగా వెళ్ళి, బయటి నుంచి ఎక్కి, మళ్ళీ మొదలైన చుక్క దగ్గరికే రావాలి.

రెండ్రోజుల తర్వాత వానలు మొదలయ్యాయి. ఆ వారంలోనే దిగువ గుహ నీళ్ళతో నిండిపోయిందని కబురు. అయినా మాకేం, కొలతలు చేతిలో ఉన్నాయిగా అనుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బు గదికి వెళ్ళేసరికి, పెద్దక్క కాగితం ముందు గడ్డానికి చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది.

"కలవలేదు," అంది. "పదకొండు మీటర్లు తేడా వచ్చింది."

మొదటి చుక్కకీ చివరి చుక్కకీ మధ్య కాగితం మీద బొటనవేలంత ఖాళీ. గబ్బిలం లెక్కలు మూడోసారి చేస్తున్నాడు. టేపు తప్పేమో, నా చేతిరాత తప్పేమో అని ఏవేవో అనుకున్నారు. వాన వెలిసింది కదా అని ఉతికి ఆరేసిన ఓవరాల్ నా చేతుల్లోనే ఉంది. బరువుగా ఉందని బల్లమీద పెట్టాను. దాని పక్కనే దిక్సూచి ఉంది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు దాని ముల్లు ఓవరాల్ వైపు తిరిగింది.

వాళ్ళిద్దరూ కాగితం వైపు చూస్తున్నారు. నేనొక్కదాన్నే చూశాను. ఓవరాల్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ముల్లు మళ్ళీ ఉత్తరానికి వెళ్ళిపోయింది.

"ఎవరిదగ్గరైనా ఇనుముందా? పిన్నులు, కళ్ళజోళ్ళు, ఏదైనా సరే," అని పెద్దక్క అడిగింది.

నాకు కళ్ళ ముందు కనిపించింది కొండ కాదు, పటం కాదు. బీరువా మీద గుడ్డలో చుట్టిన కత్తెర. ఈ సంగతి తెలిస్తే నాన్న ఇక జన్మలో దాన్ని దించడు.

"నాదే తప్పు. వాచీ తియ్యడం మర్చిపోయాను," అన్నాను.

"అన్ని ఆదివారాలూ?"

"అన్ని ఆదివారాలూ."

గబ్బిలం లెక్కల కాగితం పక్కకి తోసేశాడు. పెద్దక్క నన్ను కాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అయితే ఇంకా దారుంది," అంది. "మళ్ళీ లోపలికెళ్ళి కొలవాలంటే వచ్చే ఏడాదిదాకా కుదరదు. అప్పటికి నేనుండను. కానీ ప్రతిసారీ ఒకే తప్పు, ఒకేలా జరిగితే అది ఎంతో తెలుసుకుని తీసేయొచ్చు. ఆదివారం కొండ దగ్గరికి అదే వాచీ, అదే చేతికి పెట్టుకుని రా. దానితో ఒకసారి, అది లేకుండా ఒకసారి, అన్ని దిక్కులకీ చదువుదాం. ఎటు తిరిగితే ఎంత తేడా వస్తోందో చూసి, లెక్కలన్నీ సరిచేద్దాం."

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. వాచీతో కొలిస్తే తేడా రాదు. పటం పోతుంది. జేబుతో కొలవాలంటే నిజం చెప్పాలి. నాన్న పోతాడు. పోవడమంటే ఏం లేదు, ఎనిమిది నెలలు ఎలా ఉన్నాడో అలా, ప్యాంట్ల అంచులు మడుస్తూ. శనివారమంతా చెప్పాలా వద్దా అని షాపు ముందుదాకా నాలుగుసార్లు వెళ్ళి వెనక్కి తిరిగి, చివరికి లైబ్రరీలో పోయి కూర్చున్నాను. ఏ పుస్తకం తెరిచానో కూడా గుర్తులేదు.

ఆరింటికి షాపుకి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఆ పొడుగు పిల్లాడు జిప్పు వేయించుకోడానికొచ్చాడే," అంది గొంతు తగ్గించి. "మాటల్లో మాటగా, మీ అమ్మాయి వాచీ వల్ల పటం పోయిందని చెప్పాడు. మీ నాన్న వాడి జిప్పు వేసి పంపించేశాడు. అప్పట్నుంచీ అలాగే కూర్చున్నాడు."

నాన్న కటింగు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్లమీద నా ఓవరాల్. జేబు విప్పేసి ఉంది. పక్కన రెండు బిళ్ళలు, విప్పిన దారం, నా వాచీ. పట్టీ తెగిపోతే ఆరు నెలల కిందట నేనే నాన్నకిచ్చాను, బాగుచేయించమని. అప్పట్నుంచీ ఆయన సొరుగులోనే పడి ఉంది. ఆ సంగతి ఎలా మర్చిపోయానో! బీరువా వైపు చూశాను. కత్తెర పైకెక్కేసింది.

"చేతికి లేని వాచీ ముల్లుని ఎలా తిప్పిందమ్మా?" అన్నాడు.

నేను తెగిన పట్టీ ముక్కల్ని ఒకదానికొకటి ఆనించాను.

"అబద్ధం ఎందుకు చెప్పావని అడగను. నాకు తెలుసు ఎందుకు చెప్పావో. అప్పుడు ఒకడి కోటే పాడుచేశాను. ఈసారి కొండంతా పాడుచేశాను." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "పోనీలే. బిళ్ళలు తీసేశాను. ఇకమీద నీ ముల్లు సరిగ్గా చూపిస్తుంది."

"అయ్యో నాన్నా, తీసేస్తే ఎలా!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నాకే తెలీదు. "తీసేస్తే అంతా పోయినట్టే! ఆ బిళ్ళలు కావాలి. ఇంతకుముందు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే కావాలి. వెంట్రుకవాసి జరగకూడదు."

ఆదివారం ఏం చెయ్యబోతున్నామో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. నాన్నకి మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. సుద్దముక్క తీసుకుని బల్లమీద దిక్కులు గీసి చూపించాను.

"అంటే," అన్నాడు మెల్లగా, "నేను చేసిన తప్పు మీకు కావాలంటావు."

"అవును నాన్నా. అదే తప్పు. అక్కడే, అంతే."

ఆయన ఓవరాల్ అందుకుని జేబు దగ్గరి గుడ్డని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "కుట్టు విప్పినా సూది దిగిన చోట్లు ఉంటాయి. మందం గుడ్డ కాబట్టి ఇంకా మూసుకుపోలేదు. ఎన్నిసార్లు ఉతికావు?"

"మొన్న ఒకసారి."

"ఇక ఉతక్కు." బిళ్ళల్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఏ మొహం పైకుండాలో కూడా ఉంటుంది కదా? గుడ్డ ఒరుసుకున్న గీత ఉండాలి. దొరికింది. ఇదిగో, సుద్దతో చుక్క పెట్టుకున్నాను. చుక్క ఒంటి వైపు." అద్దాలు తుడుచుకుని, సూది తీసుకుని, కళ్ళు చిట్లించి, పైనున్న ట్యూబులైటు వైపు విసుగ్గా చూశాడు. "ఈ వెలుతురు చాలదు. నీ టోపీ ఇలా ఇవ్వు."

నా హెల్మెట్ ఇచ్చాను. నెత్తిన పెట్టుకుని, తలదీపం వెలిగించి, మా నాన్న కుట్టడానికి కూర్చున్నాడు. మిషను మీద కాదు, చేత్తో. ఒక్కో పాత రంధ్రం వెతుక్కుంటూ, అందులోనే సూది దింపుతూ. అమ్మ దారం ఎక్కించి ఇస్తోంది. ఆ దీపపు వెలుగులో ఆయన వేళ్ళు చూస్తూ నిలబడ్డాను. నాకు మా నాన్న మీద ఎంత ప్రేమ ఉందో ఆ సాయంత్రం దాకా నాకు తెలీదు. అది ఆయనకి చెప్పలేదు. చెబితే సూది తప్పుతుందని భయం.

"ముప్పై ఏళ్ళలో," అంది అమ్మ చివరికి, "ఇంత శ్రద్ధగా ఒక్క మంచి చొక్కా కూడా కుట్టలేదు మీరు."

నాన్న తల ఎత్తకుండానే నవ్వాడు. హెల్మెట్ దీపం గోడ మీద ఊగింది.

ఆదివారం నాన్న మాతో బస్సెక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, జేబులో సూదీ దారం. దార్లో బిళ్ళ కదిలితే ఎవరు కుడతారని.

కొండ దగ్గర పెద్దక్కకి జేబు చూపించి, లోపలి బిళ్ళల సంగతి చెప్పి, "వాచీ కాదు," అన్నాను.

"తెలుసు. నీ చేతికి వాచీ నేనెప్పుడూ చూడలేదు."

"మరి ఆ రోజు అనలేదే?"

"ఆదివారంలోగా నువ్వే చెబుతావనుకున్నాను," అంది. నాన్నకి నమస్కారం పెట్టి, "మాస్టారూ, ఆ తప్పు మాకివ్వండి," అంది.

పై నోటి ముందు చదునుగా ఉన్న చోట గడియారం అంకెల్లా పన్నెండు కర్రలు పాతాం. మధ్యలో నిలబడి, పెద్దక్క మామూలు బట్టల్లో ఒక్కో కర్రనీ చూసి అంకె చదివింది. ఆ తర్వాత ఓవరాల్ వేసుకుని, గుహలో పట్టుకున్నట్టే మోచేతులు ఒంటికి ఆనించి, నేను చదివాను. సన్నగా తుంపర పడుతోంది. నాన్న గొడుగు తెచ్చి పుస్తకం మీద పట్టాడు. తను తడుస్తున్నాడు.

ఉత్తరం కర్ర దగ్గర తేడా లేదు. ఆ పక్క కర్రకి మూడు డిగ్రీలు. తర్వాత ఆరు. తూర్పుకి తిరిగేసరికి ఎనిమిది.

"ఎనిమిది!" అని గబ్బిలం గంతేశాడు. "మాస్టారూ, ఎనిమిది! అదరగొట్టారు!"

పడమర వైపు తిరిగితే మళ్ళీ ఎనిమిదే, ఈసారి అవతలి పక్కకి. పెద్దక్క పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. నాన్న మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "తప్పుకి ఇంత సంబరపడే వాళ్ళని నేనెక్కడా చూళ్లేదమ్మా," అన్నాడు. అంటూనే ఆయన మొహం విచ్చుకుంది.

వాళ్ళు కర్రలు పీకుతుంటే నాన్న గుహ నోటి దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు. గొడుగు పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని, భుజాలదాకా లోపలికి దూరాడు. "నాన్నా!" అని పరిగెత్తాను. లోపలినుంచి ఆయన గొంతు మారుమోగుతూ వినిపించింది.

"నీకు భుజం దగ్గర ఇంకో అంగుళం వదలాల్సింది. ఈ రాయి చూడలేదు నేను. ఈసారి వదులుతాను."

ఈసారి అన్నాడు. ఆయన అన్నాడని ఆయనకి కూడా తెలిసినట్టు లేదు.

చివరి పటం పెద్దది, క్లబ్బు గదిలో పట్టదు. మర్నాడు మా కటింగు బల్ల మీదే పరిచారు. పెద్దక్క ఒక్కో అంకె సరిచేస్తూ ఒక్కో గీత గీస్తుంటే, నాన్న మిషను దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు కుడుతున్నట్టు నటించాడు. ఒక్క కుట్టూ పడలేదు. గీత కొండ కిందుగా వెళ్ళింది, వాగు దగ్గర బయటికి వచ్చింది, పైకెక్కింది, మొదటి చుక్క దగ్గరికి వచ్చి ఆగింది.

"అరవై సెంటీమీటర్లు," అంది పెద్దక్క. పెన్సిలు కింద పెట్టేసింది. "పదకొండు మీటర్లు కాస్తా అరవై సెంటీమీటర్లయింది."

నాన్న లేచి వచ్చి వంగి చూశాడు. "మరి ఆ అరవై ఏమైంది?"

"అవి మావి మాస్టారూ. చేతులు వణికినవి, టేపు సాగినవి. అంతమాత్రం ఎప్పుడూ ఉంటుంది."

"పరవాలేదమ్మా. కుట్టులో కలిసిపోతుంది," అన్నాడు.

అందరం నవ్వాం. పటం మూలన పనిచేసిన వాళ్ళ పేర్లు రాయడం క్లబ్బు పద్ధతి. టేపు పట్టినవాళ్ళు, దిక్సూచి చదివినవాళ్ళు, బొమ్మ గీసినవాళ్ళు. వాటి కింద పెద్దక్క ఇంకో వరుస రాసింది. 'జేబు: మాస్టారు.'

నాన్న అది చదివి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ చదివాడు.

పెద్దక్క పటం చుట్టి గబ్బిలం చేతికిచ్చింది. ఏమీ చెప్పకుండా, దారపు ముక్కల మధ్య, షాపు నేలమీద బోర్లా పడుకుంది. చేతులు ముందుకి చాపింది.

"నేను వెళ్ళేలోగా ఒకటి కుట్టి ఇవ్వాలి మాస్టారూ. అక్కడా కొండలున్నాయట," అంది నేలకేసి చూస్తూనే.

నాన్న స్టూలు లాక్కుని, ఎక్కి, బీరువా మీదినుంచి గుడ్డమూట దించాడు. ముడి విప్పి కత్తెర బల్లమీద పెట్టి, టేపు మెడలో వేసుకుని, ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "పాకి చూపించమ్మా," అన్నాడు.

వాళ్ళిద్దరూ బల్ల కిందికి వెళ్ళాక, అమ్మ అదే స్టూలు ఎక్కింది. బీరువా మీద దుమ్ములో మూట ఉన్నంత మేర గుర్తు మిగిలింది. తడిగుడ్డతో దాన్ని తుడిచేసింది. నోరు మూసుకోని తన చేతిసంచీ ఒకటి, పాత సూట్‌కేసు ఒకటి, మిషను మూత ఒకటి వరసగా పైకి ఎక్కించి, ఇంకేమీ పట్టకుండా సర్దేసి దిగింది.